కుందేలు పిల్ల కొరుకుడు, తవ్వుడు: బోనులో వేసే ముందు చేయాల్సిన పనులు

మీరు రాసింది చదివాను అమ్మా. మూడు నెలల ఆడ కుందేలు పిల్ల, బాబు పుట్టినరోజుకి తెచ్చారు. కొత్తలో ఒక మూల ముడుచుకుని కూర్చునేది, ఇప్పుడు ఇల్లంతా తనదే. రెండు ఫోన్ చార్జర్లు తెగ్గొరికింది, సోఫా మూల పీకింది, పరుపెక్కి ముందుకాళ్ళతో గీరుతోంది, బాల్కనీలో తులసి కుండీ తవ్వి మట్టి ఎత్తిపోసింది. మీవారు పళ్ళు కత్తిరించేద్దామంటున్నారు. మీ అత్తగారు బోనులోంచి అసలు వదలొద్దంటున్నారు. నెల్లూరు వేదాయపాళెంలో రెండో అంతస్తు ఫ్లాటులో దీన్ని పెంచగలమా, ఎవరికన్నా ఇచ్చేద్దామా అని మీ ప్రశ్న.

ఒంగోలులో మా ఇంట్లో చాలా ఏళ్ళుగా కుందేళ్ళున్నాయి. ముచ్చటపడి కొనుక్కుని, పెంచలేక మా దగ్గర వదిలివెళ్ళినవే వాటిలో ఎక్కువ. వాటిని చూసిన అనుభవంతో చెప్తున్నాను: మీ పిల్ల ఆరోగ్యంగా ఉంది. ఈ వయసులో కొరకని, తవ్వని కుందేలుని చూస్తేనే నాకు కంగారు పుడుతుంది. పళ్ళు కత్తిరించే పని లేదు. రోజంతా బోనులో పెడితే ఇప్పటికన్నా ఎక్కువ కొరుకుతుంది. ఇచ్చేయడం సంగతి ఇప్పుడే తేల్చొద్దు, ఇంట్లో కొన్ని మార్పులు చేసి చూశాక ఆలోచించండి.

ముందు వైర్ల సంగతి, ఈ రోజే చూడండి. చార్జర్ వైరు కొరికినా దానికేం కాలేదని రాశారు. గోడ ప్లగ్గులో ఉండేది 230 వోల్టుల కరెంటు. అడాప్టర్ దాటి సన్న వైర్లోకి వచ్చేసరికి మామూలు చార్జర్లో అది 5 వోల్టులే. అందుకే బతికిపోయింది. ఫ్రిజ్, టేబుల్ ఫ్యాన్, ఇస్త్రీపెట్టె, చాలా టీవీల వైర్లలో అడాప్టర్ ఏమీ ఉండదు, గోడలోంచి వచ్చేదంతా నేరుగా నోట్లోకే వస్తుంది. పైగా కుందేలు వైరుని కుక్కపిల్లలా నములుతూ కూర్చోదు. ముందుపళ్ళతో ఒక్క పట్టు పడుతుంది, టక్కున రెండు ముక్కలవుతుంది. పక్కనే కూర్చుని చూస్తున్నా మనం లేచేలోపే అయిపోతుంది. కాబట్టి కనిపెట్టుకుని ఉంటాం అనే మాట వైర్ల విషయంలో పనికిరాదు.

ఎలక్ట్రికల్ షాపులో గోడల వైరింగుకి వాడే ఫ్లెక్సిబుల్ పీవీసీ పైపు మీటర్ల లెక్కన ఇస్తారు. దాన్ని పొడవునా బ్లేడుతో చీల్చి వైరుని లోపలికి నొక్కేయండి. నేల మీద తిరిగే వైరులన్నిటికీ ఇది చాలు. గోడ వెంట పోయేవాటిని కేసింగు పట్టీలో మూసేయండి. ఎక్స్‌టెన్షన్ బాక్సుని నేల మీంచి తీసి గోడకి బిగించండి. మూడు నెలల పిల్ల మంచం ఎక్కగలుగుతోందంటే, మంచం పక్కన స్టూలు మీద పెట్టిన చార్జర్ కూడా దానికి అందుతున్నట్టే. ఫ్రిజ్ వెనక, బీరువా వెనక ఉన్న సందుల్ని చెక్కతోనో, హార్డ్‌వేర్ కొట్లో దొరికే వెల్డ్‌మెష్ (ఇనప తీగల జాలీ) ముక్కతోనో పూర్తిగా మూసేయాలి. సగం మూస్తే ఆ మిగిలిన సందులోనే దూరి కూర్చుంటుంది.

ఎప్పుడైనా షాకు కొడితే ముందు మెయిన్ ఆపాలి, ఆ తర్వాతే కుందేలుని ముట్టుకోవాలి. పిలకాయలు తటాలున పట్టుకోబోతారు, బాబుకి ఈ ఒక్క మాటా ఇప్పుడే గట్టిగా చెప్పిపెట్టండి. పెదాలు, నాలుక కాలి ఉన్నాయేమో చూడండి. పైకి మామూలుగానే తిరుగుతున్నా అదే రోజు డాక్టరుకి చూపించాలి. కొన్ని గంటల తర్వాత ఊపిరితిత్తుల్లో నీరు చేరే ప్రమాదం ఉంటుంది.

ఇక అసలు సంగతి. కనిగిరి, ఉదయగిరి వైపు మెట్టపొలాల్లో సాయంత్రం పూట దుముక్కుంటూ పోయే కుందేలుని చూసిన వాళ్ళకి ఇంట్లో కుందేలు తవ్వడం వింతగా ఉంటుంది. మీ అత్తగారు కూడా 'మా ఊళ్ళో కుందేళ్ళు ఇట్లా గుంతలు తవ్వేవి కావే' అన్నారట. ఆమె అన్నది నిజమే. పొలాల్లో ఉండేది వేరే జాతి. అది బొరియ తవ్వదు, గడ్డి దుబ్బుల మధ్య నేల మీదే పడుకుంటుంది, దాని పిల్లలు బొచ్చుతో, తెరిచిన కళ్ళతో పుడతాయి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం దాన్ని కాపాడుతుంది, పట్టుకుని పెంచకూడదు. మన ఇళ్ళలో పెంచే కుందేలు స్పెయిన్ వైపు అడవి కుందేలు నుంచి వచ్చింది. ఆ జాతి భూమిలో సొరంగాలు తవ్వుకుని గుంపులుగా కాపురముంటుంది. దాని పిల్లలు బొచ్చు లేకుండా, కళ్ళు మూసుకుని, ఆ చీకటి బొరియల్లోనే పుడతాయి. తవ్వడం దాని ఇల్లు కట్టుకునే పని. కొరకడం ఆ ఇంటికి దారి చేసుకునే పని. సొరంగంలో అడ్డొచ్చే వేళ్ళని కొరికి పక్కన పడేస్తుంది. నేల మీద సన్నగా సాగిన వైరు దానికి వేరులాగే కనిపిస్తుందని నా నమ్మకం.

అందుకే ఈ రెండు పనులూ మాన్పించడం కుదరదు. ఎక్కడ చేయాలో, దేని మీద చేయాలో మనం ఏర్పాటు చేయాలి. నేను చెప్పబోయేదంతా దీని కోసమే.

కొరుకుడులో పెద్ద భాగం తిండితోనే తేలిపోతుంది. కుందేలుకి 28 పళ్ళు, అన్నీ బతికున్నంతకాలం పెరుగుతూనే ఉంటాయి. ముందుపళ్ళు వారానికి 2 నుంచి 3 మిల్లీమీటర్ల దాకా పెరుగుతాయి. అవి అరిగేది ప్రధానంగా గడ్డి వల్ల. గడ్డి నమిలేటప్పుడు దవడ పక్కలకి ఆడుతుంది, వెనక దంతాలు ఒకదానితో ఒకటి రాసుకుంటాయి. చెక్క కొరికితే ముందుపళ్ళకే పని, వెనకవాటికి ఏమీ ఉండదు. అందుకే 'పళ్ళు అరగడానికి చెక్కముక్క పడేశాం' అనుకుని ఊరుకుంటే సరిపోదు.

మీరు రాసిన తిండి చూశాను: పొద్దున అంగడిలో తెచ్చిన గింజల మేత, మధ్యాహ్నం క్యారెట్, సాయంత్రం క్యాబేజీ, బాబు పెట్టే బిస్కెట్లు. ఇందులో గడ్డి లేదు. ఈ తిండి పదినిమిషాల్లో అయిపోతుంది. మిగతా రోజంతా దాని నోరు ఖాళీ. సోఫా మూల పీకిందంటే నేను ఆశ్చర్యపోను.

రోజుకి దాని ఒళ్ళంత కుప్ప గడ్డి ఉండాలి, ఎప్పుడు చూసినా అందుబాటులో ఉండాలి. తిన్నదాంట్లో ఎనభై శాతం పైగా గడ్డే కావాలి. టిమోతీ గడ్డి ఆన్‌లైన్‌లో దొరుకుతుంది, ఖరీదెక్కువ. కొనగలిగితే మంచిదే. కొనలేకపోతే మన గరికని మించింది లేదు. వినాయక చవితికి తెచ్చే గరికే. పచ్చిదీ పెట్టొచ్చు, ఎండబెట్టీ పెట్టొచ్చు. ఎండలో పెడితే పసుపు తిరిగి సారం పోతుంది. నీడన పలచగా పరిచి రోజూ తిరగేస్తే పచ్చదనం, వాసన నిలుస్తాయి. ప్లాస్టిక్ కవర్లో కట్టకండి, గోతంలో వదులుగా నింపి గాలి తగిలేచోట వేలాడదీయండి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మన వైపు వానలు గట్టిగా పడతాయి కదా, ఆ నెలల్లో పెట్టే ముందు ప్రతిసారీ వాసన చూడండి. ముక్కిన వాసన వచ్చినా, తెల్లగా బూజు కనిపించినా కట్ట మొత్తం పారేయాలి.

గరిక ఎక్కడ కోస్తున్నారన్నది చాలా ముఖ్యం. నెల్లూరు చుట్టూ ఎటు చూసినా వరి. గట్ల మీద గడ్డి నవనవలాడుతూ కనిపిస్తుంది, కానీ చాలాచోట్ల గట్లకి కలుపుమందు కొడతారు, చేలో కొట్టిన పురుగుమందు కూడా ఆ గడ్డి మీద పడుతుంది. తెలిసిన రైతు 'ఇక్కడ మందు కొట్టలేదు' అని చెప్తే తప్ప కోయొద్దు. రోడ్డు పక్కది, కుక్కలు తిరిగేచోటుది వద్దు. రెండు వెడల్పు కుండీల్లో గరిక మీరే వేసుకోండి. నెల తిరిగేసరికి కోతకొస్తుంది, ఫ్లాటులో ఇదే నిశ్చింత.

లూసర్న్ గడ్డి ఇప్పుడు పెట్టొచ్చు, ఎదిగే పిల్లకి మంచిది. ఆరేడు నెలలు దాటాక తగ్గించేయాలి, అందులో కాల్షియం ఎక్కువ, పెద్ద కుందేలుకి మూత్రంలో ఇసుకలా దిగుతుంది. వరిగడ్డి తింటే చెడు చేయదు కానీ అందులో బలం లేదు, తిండిగా లెక్కపెట్టకండి. లేత జొన్న పిలకలు పెట్టొద్దు, పశువులకి నాము (లేత జొన్న తింటే ఎక్కే విషం) పట్టినట్టే దీనికీ ప్రమాదం. మునగాకు, అవిశాకు, కొత్తిమీర, పుదీనా రోజుకి గుప్పెడు చాలు. క్యారెట్ చిన్న ముక్క, అదీ ముద్దు చేయడానికే. అందులో చక్కెర ఎక్కువ. బిస్కెట్టు, అన్నం, మరమరాలు పూర్తిగా ఆపేయండి. ఒక్కరోజులో తిండి మార్చేయకండి, పది పదిహేను రోజులు పట్టనివ్వండి. ఉన్నట్టుండి మారిస్తే పొట్ట పాడవుతుంది. ఈ పిల్లలకి పొట్ట పాడైతే చాలా తొందరగా ప్రాణం మీదకొస్తుంది.

ఒక చిన్న ఉపాయం. కుందేలు పెంటికలు వేస్తూనే గడ్డి తింటుంది. అది ఏ మూల పోస్తోందో చూసి ఆ మూలే ట్రే పెట్టి, ట్రేకి ఆనించి నోటి ఎత్తులో గడ్డి వేలాడదీయండి. గడ్డి తినడం పెరుగుతుంది, మీకు ఊడ్చుకోవడం తగ్గుతుంది.

గడ్డి తర్వాత కర్రలు. జామకొమ్మలు అన్నిటికంటే మేలు, ఆకుతో సహా ఇవ్వొచ్చు. మందార కొమ్మలు, కంబళి చెట్టు కొమ్మలు, వెదురు ముక్కలు కూడా మంచివే. బొటనవేలు లావు కొమ్మ జానెడు ముక్కలుగా కోసి, కడిగి ఆరబెట్టి ఇవ్వండి. జామకొమ్మ ఇచ్చి చూడండి, ముందు ఆకులు తింటుంది, తర్వాత కొమ్మని ముందుకాళ్ళ మధ్య అదిమిపెట్టి బెరడుని పొడుగ్గా పట్టీలు పట్టీలుగా ఒలుస్తుంది. లోపలి తెల్ల కర్ర బయటపడేదాకా వదలదు. అరగంట దాని ధ్యాసంతా అక్కడే. సోఫా మూల దగ్గర అది వెతుక్కుంటున్నది ఈ పనినే.

ప్రకాశం జిల్లాలో ఎక్కడ చూసినా జామాయిల్, సుబాబుల్ తోటలే, ఉచితంగా వస్తాయని తెస్తుంటారు. జామాయిల్ వద్దు, ఘాటు నూనె ఉంటుంది. సుబాబుల్ ఆకులో ఉండే మిమోసిన్ అనే పదార్థం వల్ల బొచ్చు ఊడుతుంది. పొదలకూరు వైపు నుంచి నిమ్మకొమ్మలు తెచ్చే వాళ్ళున్నారు. ముళ్ళొకటి, తోటల్లో కొట్టే మందులొకటి, అవీ వద్దు. గన్నేరు, పచ్చగన్నేరు, జిల్లేడు, ఉమ్మెత్త, ఆముదం విషం. కంబళి చెట్టు తప్ప, తుంచితే పాలు కారే మొక్క ఏదైనా దూరంగా పెట్టండి. బాల్కనీలో మనీప్లాంట్ ఉందన్నారు, దాన్ని ఎత్తులో వేలాడదీయండి, తీగ కిందికి జారనివ్వకండి.

డబ్బు పెట్టి బొమ్మలు కొనక్కర్లేదు. తాటాకు బుట్ట, రంగు వేయని ఈత చాప ముక్క, ఎండిన కొబ్బరిచిప్ప, టేపు, పిన్నులు తీసేసిన అట్టపెట్టె ఇస్తే చాలు. రెండు పెట్టెల్ని కలిపి మధ్యలో కంతలు కోస్తే సొరంగం అవుతుంది. దాన్ని కొరికి కంత పెద్దది చేయడమే దానికి పని. పెట్టె నాశనమైందని బాధపడకండి, ఇంకోటి పెట్టండి. ఆ పెట్టె మీద పడిన ప్రతి పంటిగాటూ మీ సోఫాకి తప్పినట్టే. ఉన్నవన్నీ ఒకేసారి ముందు పోయకుండా, రెండు మూడు బయటపెట్టి మిగతావి దాచి, వారానికోసారి మార్చండి. కొత్తగా కనిపిస్తే మళ్ళీ మొదలుపెడుతుంది.

గడపలు, తలుపుల పెయింటు సంగతి. ఇళ్ళకి వాడే పెయింటుల్లో సీసం 90 పీపీఎం (పది లక్షల పాళ్ళలో 90 పాళ్ళు) దాటకూడదన్న నిబంధన మన దేశంలో 2017 నవంబరు నుంచి అమల్లోకి వచ్చింది. అంతకు ముందు వేసిన ఎనామిల్ పెయింటులో సీసం ఉండొచ్చు. మీది పాత ఫ్లాటు అయితే తలుపుల కింది భాగానికి, ద్వారబంధాలకి పలుచటి అల్యూమినియం రేకు పట్టీ కొట్టించండి. రేకు మీద పన్ను దిగదు, రెండు రోజులు చూసి వదిలేస్తుంది.

కారం రాయమని, వేపనూనె పూయమని మీకు చాలామంది చెప్తారు. కారం మాత్రం పొరపాటున కూడా వద్దమ్మా. కుందేలు ముఖం తుడుచుకోవడానికి ముందుకాళ్ళు నాకి కళ్ళ మీద రుద్దుకుంటుంది. ఆ కారం అంతా కంట్లోకే పోతుంది. చేదు మందుల్ని కొన్ని కుందేళ్ళు ఇష్టంగా నాకుతాయి కూడా. వాటి మీద ఆశ పెట్టుకోకండి.

పళ్ళ సంగతి మీవారికి ఇలా చెప్పండి. పై పెదవిని మెల్లగా పక్కకి జరిపి చూస్తే, పై ముందుపళ్ళు కింది వాటికి కాస్త ముందుగా, ఆనీ ఆననట్టు ఉండాలి. అలా ఉంటే పళ్ళు సరిగానే ఉన్నాయి. కింది పళ్ళు ముందుకి పొడుచుకొచ్చినా, పక్కకి వంకర తిరిగినా దవడ పొందిక కుదరలేదని అర్థం, అప్పుడు డాక్టరే చూడాలి. గోళ్ళు కత్తిరించే కట్టర్‌తో పళ్ళు కోసే వాళ్ళున్నారు. పన్ను నిలువునా చీలి, వేరు దాకా పగిలి, చీము పడుతుంది. ఆ పని ఎవరు చేస్తామన్నా ఒప్పుకోవద్దు. ఇంట్లో కత్తిరించాల్సింది కాలిగోళ్ళు, నెలా నెలన్నరకోసారి. గోరు లోపల ఎర్రగా కనిపించే నరానికి దూరంగా కొన మాత్రమే తీయండి. గోళ్ళు పొట్టిగా ఉంటే పరుపుకి, సోఫాకి జరిగే నష్టం కూడా తగ్గుతుంది.

ఇప్పుడు తవ్వుడు. దీనికి తవ్వుకునే టబ్బు ఏర్పాటు చేయండి. రెండడుగుల పొడవు, అడుగుకి తక్కువ కాని లోతు ఉన్న ప్లాస్టిక్ టబ్బు చాలు. కుందేలు అందులో పూర్తిగా తిరగగలగాలి. ఒక పక్క అంచు కొంచెం కోసి, ఆ కోసిన అంచుని నున్నగా గీకండి, లోపలికి దిగడానికి. సగం దాకా నింపండి. ఎర్రమట్టి తెచ్చి నాలుగైదు రోజులు మంచి ఎండలో ఆరబెట్టి, రాళ్ళు ఏరి వేయండి. నర్సరీ మట్టి వద్దు, అందులో ఎరువు, వేపపిండి కలిపి ఉంటాయి. తులసి కుండీలో మీరేదైనా ఎరువు వేసి ఉంటే ఆ కుండీ దానికి అందకుండా పెట్టడానికి అదో కారణం. మట్టికి ఇసుక కలపొచ్చు. పెన్నా ఇసుక అయితే కడిగి ఆరబెట్టి వాడండి. మైపాడు వెళ్ళినప్పుడు సముద్రపు ఇసుక మూటకట్టుకు రావద్దు, అందులో ఉప్పుంటుంది, కాళ్ళు నాకినప్పుడల్లా అది లోపలికి పోతుంది. పిల్లి ట్రేలో పోసే, తడిస్తే గడ్డకట్టే రకం అసలొద్దు, మింగితే పొట్టలోనూ అలాగే గడ్డకడుతుంది.

మట్టి ఇంట్లో వద్దనుకుంటే చింపిన అట్టముక్కలు, వరిగడ్డి, పాత కాగితాలు నింపండి. నేనైతే మట్టికే ఓటు వేస్తాను. వేసవిలో దాని పొట్టకి ఆనే చల్లదనం కాగితంలో రాదు. మట్టి బయటికి చిమ్మకుండా ఉండాలంటే మూతున్న పెద్ద అట్టపెట్టెకి పక్కన కంత కోసి, టబ్బుని అందులో పెట్టండి. చీకటిగా ఉంటుంది కాబట్టి దానికింకా ఇష్టం.

టబ్బుని ఎక్కడ పెట్టాలో మీరు నిర్ణయించకండి, అది ఇప్పటికే నిర్ణయించింది. ఏ మూల గీరుతోందో ఆ మూలే పెట్టండి. మీ ఇంట్లో అయితే బాల్కనీలో, తులసి కుండీ ఉన్న చోటే. కుండీని తీసి పిట్టగోడ మీద దిట్టంగా నిలబడేలా కట్టండి. మొదటిరోజు టబ్బులో పైపైన కొత్తిమీర కాడలు గుచ్చండి, తర్వాత కొంచెం కొంచెం లోతుకి పాతండి. బాబుకి ఈ పని అప్పజెప్పండి, సంతోషంగా చేస్తాడు. పరుపు గీరుతుంటే అరవకండి, ఎత్తి విసురుగా దించకండి. మెల్లగా 'వద్దు' అని, తీసుకెళ్ళి టబ్బులో వదలండి. ఒక వారం విసుగు లేకుండా చేస్తే దానికి తెలుస్తుంది. ముక్కు మీద కొట్టడం, చెవులు పట్టి ఎత్తడం చేశారంటే తవ్వడం మానదు కానీ మీ చెయ్యి చూస్తేనే పారిపోతుంది. ఆ భయం పోవడానికి నెలలు పడుతుంది.

పాత నూలు చీర నాలుగు మడతలు వేసి ఇస్తే గుడ్డ గీరే సరదా దాంతో తీరుతుంది. అయితే దారాలు మింగుతోందేమో గమనించండి. కుందేలు వాంతి చేసుకోలేదు, మింగింది వెనక్కి రాదు. రోజూ ఊడ్చేటప్పుడు పెంటికలు చూడండి. గుండ్రంగా, ఎండుగా, వేళ్ళ మధ్య నలిపితే గడ్డి పొట్టులా విడిపోతే పొట్ట బాగుంది. చిన్నవిగా, నల్లగా, గట్టిగా ఉంటే గడ్డి చాలట్లేదు. రెండు మూడు పెంటికలు దారంతోనో, బొచ్చుతోనో పూసల దండలా గుచ్చుకుని వస్తే ఆ గుడ్డ వెంటనే తీసేయండి. తిండి ముట్టక, పెంటికలు వేయక పది పన్నెండు గంటలు దాటితే తెల్లారేదాకా ఆగొద్దు, అది ప్రమాదం.

చెవుల్నే అదే పనిగా గోక్కుంటుంటే అది వేరే సంగతి, గజ్జి పురుగు కావచ్చు, డాక్టరుకి చూపించండి. కుక్కలకి వాడే ఫిప్రోనిల్ మందు మాత్రం వేయనివ్వకండి, కుందేలుకి అది ప్రాణాంతకం.

రోహిణి కార్తె ఎండలప్పుడు తవ్వుడు ఇంకా పెరుగుతుంది. 30 డిగ్రీలు దాటితేనే దానికి కష్టం, మన దగ్గర 40 దాటుతుంది. చల్లటి నేల కోసం తవ్వుతుంది. తడిపిన మట్టి పెంకు, బోర్లించిన పెద్ద కుండ సగం, నీళ్ళు గడ్డకట్టించి తువ్వాలు చుట్టిన సీసా పక్కన పెడితే వాటికానుకుని పడుకుంటుంది. పశ్చిమం ఎండ పడే బాల్కనీలో మధ్యాహ్నం వదలొద్దు. నోరు తెరిచి రొప్పుతూ, చెవులు కాలిపోతుంటే చెవులు తడిపి వెంటనే డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళండి.

వయసు సంగతి కూడా మీరు తెలుసుకోవాలి. నాలుగైదు నెలలకి ఆడ కుందేలు ఈడుకొస్తుంది, అప్పుడు తవ్వుడు, కొరుకుడు రెండూ ఒక్కసారిగా పెరుగుతాయి. మగది లేకపోయినా కొన్నిసార్లు చూలు కట్టినట్టే ప్రవర్తిస్తుంది: తన బొచ్చు తనే పీక్కుంటుంది, నోట్లో గడ్డి పట్టుకుని తిరుగుతుంది, మూల తవ్వి గూడు కడుతుంది, దగ్గరికెళ్తే గుర్రుమంటుంది. రెండు రెండున్నర వారాల్లో అదే తగ్గుతుంది. ఆ రోజుల్లో గూడు చెదరగొట్టకండి, ఎత్తుకోకండి.

గర్భసంచి, అండాశయాలు తీసే ఆపరేషన్ చేయిస్తే ఇదంతా చాలావరకు నెమ్మదిస్తుంది. పైగా వయసు మీద పడ్డ ఆడ కుందేళ్ళకి గర్భసంచి క్యాన్సర్ రావడం చాలా ఎక్కువ, ఆ భయం కూడా పోతుంది. అయిదారు నెలలు నిండాక చేయించొచ్చు. అయితే కుందేలుకి మత్తు ఇవ్వడం కుక్కకి ఇచ్చినంత తేలిక కాదు, అలవాటున్న చేతులు కావాలి. డాక్టరుని ముందే అడగండి: ఇంతకుముందు కుందేళ్ళకి చేశారా, ఏ మత్తు వాడతారు, ఆపరేషన్ ముందు ఆకలితో ఉంచమంటారా. ఆకలితో ఉంచమంటే ఇంకొకరిని చూసుకోండి. వాంతి రాని జంతువుని పస్తు పెట్టక్కర్లేదు, పెడితే పొట్ట కదలిక ఆగిపోతుంది. ఊళ్ళో నమ్మకం కుదరకపోతే తిరుపతి పశువైద్య కళాశాల ఉంది, చెన్నై వేపేరిలో మద్రాసు పశువైద్య కళాశాల ఉంది. నెల్లూరు నుంచి రెండూ పొద్దున వెళ్ళి సాయంత్రానికి రాగలిగిన దూరాలే.

తోడు కోసం ఇంకోటి తెస్తామని మీ బాబు అంటున్నాడట. ఇప్పుడే వద్దు. 'రెండూ ఆడవే' అని అమ్మే వాళ్ళ మాట చాలాసార్లు తప్పుతుంది, పిల్లలప్పుడు గుర్తించడం కష్టం. నాలుగు నెలలకే చూలు కట్టొచ్చు, 30, 32 రోజుల్లో ఈనుతుంది. ముందు దీని ఆపరేషన్ సంగతి తేలనివ్వండి.

మీ అత్తగారి మాటలోనూ న్యాయముంది. ఇంట్లో ఎవరూ లేనప్పుడు, రాత్రి అందరూ పడుకున్నాక, మూసి ఉంచే చోటు కావాలి. కానీ మీరు పంపిన కొలతల బోనులో అది నిటారుగా నిలబడను కూడా లేదు. దాని బదులు హాలు మూలలో వెల్డ్‌మెష్ పలకలు నాలుగు తాళ్ళతో కట్టి, మూడడుగుల ఎత్తు దడి వేయండి. లోపల ట్రే, గడ్డి, నీళ్ళ మట్టిగిన్నె, దాక్కోవడానికి పెట్టె ఉంచండి. కింద చాపో గుడ్డో పరవండి, నున్నటి టైల్సు మీద కాళ్ళు జారతాయి, మడమలు పుండ్లు పడతాయి. దడి దాటి రోజుకి కనీసం మూడు నాలుగు గంటలు తిరగాలి. తెల్లవారుజామున, సాయంత్రం దీపాలు పెట్టే వేళకి దానికి హుషారెక్కువ. మిగతా పగలంతా పడుకునే ఉంటుంది, ఆ రెండు పూటలు వదిలితే చాలు. రాత్రి ఊచలు కొరికి చప్పుడు చేసినప్పుడు లేచి తిండి పెట్టకండి, చప్పుడు చేస్తే తిండి వస్తుందని నేర్చుకుంటుంది. పడుకోబోయే ముందే గడ్డి నిండుగా వేసి, ఒక జామకొమ్మ పెట్టండి.

ఇవన్నీ కుదిరాక కొరుకుడు ఏడాది నిండేసరికి బాగా తగ్గుతుంది. తవ్వుడు తగ్గుతుంది కానీ పూర్తిగా పోదు, టబ్బు ఎప్పటికీ ఉండాల్సిందే. ఇది ఎనిమిది, పదేళ్ళు బతికే ప్రాణి, అది కూడా లెక్కలో పెట్టుకుని ఇంట్లో అందరూ కూర్చుని మాట్లాడుకోండి. అప్పటికీ కుదరదనిపిస్తే పెంచడం తెలిసిన వాళ్ళకే ఇవ్వండి. పొలంలోనో తోటలోనో వదిలిరాకండి, మచ్చిక కుందేలు అక్కడ కుక్కల పాలవుతుంది.

ఇంకో పని ఈ వారమే మొదలుపెట్టండి. వంటింటి తూకం మీద ఒక గిన్నె పెట్టి, అందులో దాన్ని కూర్చోబెట్టి వారానికోసారి బరువు రాసుకోండి. మూడు నెలల పిల్ల ప్రతి వారం పెరుగుతూ ఉండాలి. బరువు ఆగినా తగ్గినా, తింటున్నట్టే కనిపిస్తున్నా సరే, వెనక దంతాలు చూడమని డాక్టరుని అడగండి. వెళ్ళేటప్పుడు ఆ కాగితం, ఆ రోజు పెంటికలు కాసిని పొట్లంలో కట్టి తీసుకెళ్ళండి.